శాస్త్రంలో ఇవాళ ఏం పడిందండీ?

ఆదివారం వచ్చిందంటే మా రిటైరైన టీచర్ల గ్రూపులో పొద్దున్నే ఒక బారెడు మెసేజీ పడుతుంది, ‘ఈ వారం సైన్సు కబుర్లు’ అని. పంపేది నాతో పాటు పనిచేసిన లెక్కల మాస్టారు, రిటైరయ్యాక ఆయనకు ఇదే వ్యాపకం. మొన్న ఆదివారం కాఫీ గ్లాసు పట్టుకుని, నూజివీడులో మా ఇంటి వసారాలో కూర్చుని ఆ కబుర్లు చదువుతున్నాను. ఆకాశంలోకి పంపిన పెద్ద దుర్భిణి ఒకటి విశ్వం పసిగుడ్డుగా ఉన్నప్పటి నక్షత్రాల గుంపులకు ఫోటోలు తీసిందట, ఆ వెలుగు అక్కడ బయలుదేరేనాటికి మన భూమి పుట్టనే లేదట. నీళ్ళు లేక వాడిపోయే మొక్కలు మన చెవికి అందని సన్నని చప్పుళ్ళు చేస్తాయట. తిమింగలాలు పెట్టే టకటకల్లో మన అచ్చుల్లాంటివి ఉన్నాయేమోనని వెతుకుతున్నారట. గడ్డకట్టిన మట్టిలో వేల ఏళ్ళు పడుకున్న నులిపురుగొకటి కాస్త వెచ్చగా నీళ్ళు తగిలేసరికి లేచి మెదిలిందట. మా ఇంట్లో ఆదివారం నిద్రలు చూస్తే ఆ పురుగే నయమనిపించింది.

అలా తేలిపోతూ తేలిపోతూ చివరి కబురు దగ్గరికి వచ్చాను. పుట్టుకతోనే వినపడని పిల్లల్లో ఒక రకం లోపం ఉన్నవాళ్ళకు, చెవి లోపలికి ఒక మందు ఎక్కించి, పనిచెయ్యని జన్యువుకు బదులు మంచిదాన్ని అందిస్తున్నారట. కొందరు పిల్లలు కొన్నాళ్ళకు అమ్మ పిలిస్తే తల తిప్పి చూశారట. అక్కడ ఆగిపోయాను. అడుగున మిగిలిన కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ గ్లాసు ముట్టుకోలేదు.

ఎందుకంటే ఈ వార్త నేను నలభై ఏళ్ళ కిందటే ఒక మామిడితోటలో ముప్ఫై మంది ఆడవాళ్ళకు చదివి వినిపించాను. పేపరు పట్టుకునే వినిపించాను. ఆ పేపర్లో మాత్రం ఆ వార్త లేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. ఆగిరిపల్లి దగ్గర మా ఊళ్ళోనే ఎలిమెంటరీ బడిలో కొత్తగా చేరాను. మా నాన్నగారు ఆ ఊరి గుడిలో అర్చకులు. ఉగాదినాడు పంచాంగం చదివేది ఆయనే, దుక్కి మొదలుపెట్టాలన్నా కొత్తకుండ పొయ్యి మీద పెట్టాలన్నా జనం వచ్చి అడిగేది ఆయన్నే. ఆ రోజుల్లో వయోజన విద్య అని ఒక పథకం ఉండేది, మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పలకలూ బలపాలూ చేతికిచ్చి పెద్దవాళ్ళకు చదువు చెప్పమనేవారు. చెప్పడానికి నేను సిద్ధమే గానీ, వేసవిలో మా ఊరి ఆడవాళ్ళంతా తెల్లారకుండానే కాయకోతకు పోయి, పొద్దుగూకే వేళకు ఒళ్ళు హూనమై వచ్చేవాళ్ళు. వాళ్ళు రాకపోతే నేనే వెళ్దామని, సెలవుల్లో మధ్యాహ్నం అన్నాలవేళకు గొడుగు వేసుకుని తోటలోకి నడిచేదాన్ని.

ఆ తోట ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనపడుతుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల చెట్ల కింద ఆకుపచ్చటి మసక, కొమ్మల సందుల్లోంచి నేల మీద పడి కదిలే వెలుగు బిళ్ళలు, తెగిన తొడిమల దగ్గర కారే సొన వాసన, వరిగడ్డి వాసన. మగవాళ్ళు చిక్కం కట్టిన గెడలతో కోసి దింపిన కాయల్ని ఆడవాళ్ళు గుడ్డతో తుడిచి, రసాలు ఒకవైపు, బంగినపల్లి ఒకవైపు ఏరి, గంపల అడుగున గడ్డి పరిచి సర్దేవాళ్ళు. నాలుగు రోజులు ‘అ ఆ’లు దిద్దించాను. సొన తగిలి పొక్కిపోయిన వేళ్ళతో బలపం పట్టుకోవడం వాళ్ళకు ఎంత కష్టమో నాకు తట్టనే లేదు. ఐదో రోజున వాళ్ళలో ఒకామె పలక పక్కన పెట్టేసి, “మాకు ఈ దిద్దుళ్ళెందుకు అమ్మాయిగారూ, మీరే ఏదన్నా చదివి చెప్పండి. చేతులకే కదా పని, చెవులు ఖాళీయేగా” అంది. మిగతావాళ్ళంతా ఫక్కున నవ్వారు. నా చదువు చెప్పడం అంతటితో సరి.

మా హెడ్మాస్టారి దగ్గర్నుంచి వారం నాటి పాత పేపర్లు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. రాజకీయాలు చదివితే ఆవలించేవాళ్ళు. ధరలు చదివితే మాకు తెలీదా అనేవాళ్ళు. వారానికొకసారి వచ్చే ఒక పేజీలో మూలగా ‘శాస్త్ర విశేషాలు’ అని చిన్న శీర్షిక ఉండేది, ఒకరోజు వేరే ఏమీ లేక అది చదివాను. ముప్ఫై జతల చేతులు ఆగిపోయాయి. ‘శాస్త్రజ్ఞులు చెప్పుచున్నదేమనగా’ అని నా నోట వచ్చేసరికి ఒకిద్దరు చెంగులు భుజాల మీదికి లాక్కుని సర్దుకు కూర్చున్నారు. నేనెంత పొంగిపోయానో! సైన్సంటే వీళ్ళకెంత గౌరవం అనుకున్నాను.

అసలు సంగతి తెలియడానికి రెండు వారాలు పట్టింది. శనిగ్రహం చుట్టూ ఉంగరాలున్నాయనీ, అటువైపు పోయిన ఒక యంత్రం వాటి ఫోటోలు పంపిందనీ చదివితే, ఒక ముసలామె ఎంతో శ్రద్ధగా విని, “అయితే శనివారం పూట ఉంగరం తీసెయ్యమందా, పెట్టుకోమందా అండీ శాస్త్రం?” అని అడిగింది. గాజు గొట్టంలో బిడ్డ ప్రాణం పోసుకుందని చదివితే, అదెలాగని ఒక్కరూ అడగలేదు, పురిటి మైల ఎవరు పట్టాలని మాత్రం పెద్ద తగువు పడ్డారు. పాటలు వింటే మొక్కలు ఏపుగా పెరుగుతాయని ఎవరో అంటున్నారని చదివిన మర్నాడు, పొద్దున్నే స్నానాలు చేసి వచ్చి ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క పాట చొప్పున పాడుతున్నారట; తోట కౌలుకు తీసుకున్నాయన నెత్తి కొట్టుకుని మా నాన్నగారి దగ్గరికి వచ్చాడు, పంతులుగారూ, ఇదేం వ్రతం చెప్పారండీ అని.

అప్పుడు అర్థమైంది నాకు. పంచాంగం చదివే పంతులుగారి అమ్మాయి కాగితం పట్టుకుని ‘శాస్త్రం’ అంటే, వాళ్ళకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. నేను సైన్సు చదువుతున్నాననుకున్నాను, వాళ్ళు విధులు వింటున్నారు. ఇది ఆ శాస్త్రం కాదు, సైన్సు అని ఎంతో విడమరిచి చెప్పాను. సరేనన్నారు. ఆ మర్నాటి నుంచి దాన్ని ‘సైన్సు శాస్త్రం’ అన్నారు. మా నాన్నగారు కడుపుబ్బ నవ్వి, నవ్వు ఆగాక మాత్రం, “శాస్త్రం అని నోట అన్నాక ఒక్క ముక్క కూడా సొంతంగా కలపకు తల్లీ, వాళ్ళు దాని మీద ఇల్లు కట్టుకుంటారు” అన్నారు. అలాగేలే నాన్నా అని తేలిగ్గా తీసేశాను. ఆ వయసులో ఏది చెవికెక్కుతుంది గనక!

చెవులు ఖాళీయేగా అన్న ఆమెనే నేను అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. భర్త లేడు. ఆరేళ్ళ కూతురొకతె. ఆ పిల్లకు పుట్టుకతోనే వినపడదు, మాట రాలేదు. ఊళ్ళో ఎవరైనా మూగది అంటే అక్క కయ్యిమని లేచేది, మూగది కాదు, వినపడదంతే అనేది. పిల్ల తోటలో తల్లి వెనకాలే తిరిగేది, గంప మీద చెయ్యి వేసి తల్లి తట్టే తట్టును బట్టి ఎటు రమ్మంటోందో, ఏం తెమ్మంటోందో తెలుసుకునేది. వాళ్ళిద్దరి మధ్యా అలాంటి తట్లు ఎన్నుండేవో నాకు లెక్క తెలియదు. నేను చదువుతుంటే నా పెదాల వంక కళ్ళార్పకుండా చూసేది.

శాస్త్రంలో లోకంలోని వింతలన్నీ పడుతున్నాయని తెలిశాక అక్క ప్రతివారం, నేను గొడుగు ముడవకముందే, అదే మాట అడిగేది. “శాస్త్రంలో ఇవాళ ఏం పడిందండీ? మా పిల్ల సంగతేమన్నా పడిందాండీ?” లేదక్కా అనేదాన్ని. పోన్లెండి, వచ్చే వారం పడుతుంది అని తనే నాకు ధైర్యం చెప్పి గడ్డి పరుచుకునేది. ఆ వేసవి అలా నాలుగైదు వారాలు గడిచాయి. ప్రతివారం ‘లేదు’ అనడం నా వల్ల కాలేదండీ. దూరపు చుక్కల సంగతి రాస్తారు, చీమల బారుల సంగతి రాస్తారు, ఈ ఒక్కటీ రాయరేం అని ఆ పేపరు మీదే కోపం వచ్చేది.

ఒక మధ్యాహ్నం, తోటలో గాలి కూడా ఆడని పూట, ఆమె అడిగింది, నేను పేపరు విప్పి పడిందక్కా అన్నాను. ఆ తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఎక్కడో దేశంలో పెద్ద డాక్టర్లు పుట్టు చెవుడుకు మందు కనిపెట్టారనీ, చెవిలో చుక్క వేస్తే చాలనీ, మూసుకుపోయిన దారి తెరుచుకుని గలగలా వినపడుతుందనీ, మన దేశానికి కూడా రెండు మూడేళ్ళలో వచ్చేస్తుందనీ చదివాను. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఒకామె ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని ముద్దులు పెట్టింది. అక్క మాత్రం ఏమీ అనలేదు, గంపలో గడ్డి సర్దుతూ ఉండిపోయింది. ఆనందంతో మాట పెగల్లేదనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఇంటికి పోతూ దారి పొడుగునా నా గొప్పకు నేనే మురిసిపోయాను.

జూన్ వచ్చింది. తోటల్లో ఆలస్యంగా దిగే కలెక్టరు మామిడి ఒక్కటే మిగిలింది. మా హెడ్మాస్టారు ఎప్పుడో వేసవి మొదట్లో, నా పోరు పడలేక, బెజవాడలో వినపడని పిల్లలకని ఉన్న ఒక బడికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరానికి జవాబొచ్చింది. ఒక సీటుంది, హాస్టల్లో ఉంచుకుంటాం, ఫలానా తేదీ లోపల తీసుకురాకపోతే వేరే పిల్లకు ఇచ్చేస్తాం అని. ఆ కాగితం పట్టుకుని పరుగెత్తాను. అక్క విని, చెంగుతో మొహం తుడుచుకుని, “మందొస్తుందని శాస్త్రం చెప్పిందిగా అమ్మాయిగారూ, ఇంక ఆ బడెందుకండీ” అంది.

పక్కనున్న వాళ్ళందరూ ఆమెకే వత్తాసు. శాస్త్రం చెప్పాక పిల్లనెందుకు దూరం చేసుకోవాలి, రెండేళ్ళు ఓపిక పడితే ఇంటి దగ్గరే పలుకుతుంది కదా అని ఒకటే మాట. ఎంత నచ్చచెప్పినా, నేను చదివిన వార్తనే నాకు అప్పజెప్పారు. నా అబద్ధం ఒక పిల్ల చదువును మింగేస్తోంది. నిజం చెబితే అక్క మొహం ఇంకెప్పుడూ చూడలేను, చెప్పకపోతే ఆ పిల్ల జీవితమంతా గంప మీద తట్టే తట్లతోనే గడిచిపోతుంది. ఇలా కొట్టుకుంటూ నాలుగు రోజులు పోనిచ్చాను. నా పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గడువు ఇంక రెండు రోజులుందనగా, పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాను.

వాకిట్లో పిల్లకు తల దువ్వుతోంది. నిలబడే చెప్పేశాను, ఆ రోజు పేపర్లో అలాంటిదేమీ లేదక్కా, నేనే కల్పించాను అని. చెప్పి, తిడుతుందనీ కొడుతుందనీ ఎదురుచూశాను. ఆమె దువ్వెన ఆపలేదు.

“తెలుసండీ” అంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. అప్పుడామె నా వంక చూసి, ఎంతో నెమ్మదిగా, “రోజూ మీరు చదివేటప్పుడు మధ్యమధ్య ఆగుతారు అమ్మాయిగారూ. ఆ పెద్ద పెద్ద మాటలు మాకు ఎలా చెప్పాలా అని మొహం చిట్లించుకుంటారు. ఆ రోజు ఎక్కడా ఆగలేదండీ. చెవిలో చుక్క, మూసుకుపోయిన దారి, గలగలా వినపడటం, అన్నీ మా మాటలే. మా మాటలు పేపర్లో ఎందుకు పడతాయండీ?” అంది.

మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాను. జడ చివర రిబ్బను బిగించి కట్టి, పిల్ల భుజాల మీద రెండు చేతులూ వేసి, దాన్ని పంపలేకండీ అంది. ఒంటరిదాన్ని, అది లేకపోతే ఇంట్లో నాకు మాత్రం తోడెవరు? పంపనంటే ఊరంతా నన్ను తిడుతుంది. శాస్త్రం చెప్పిందంటే ఎవరూ ఏమీ అనరు. అందుకే ఊరుకున్నాను అంది. అప్పటిదాకా ఆమె ఏడవడం నేను చూడలేదు. అబద్ధం ఆడింది నేనే అయినా, దాన్ని ఇద్దరం చెరొక కొసా పట్టుకుని నిలబెట్టామన్నమాట.

మర్నాడు బస్సులో ముగ్గురం బెజవాడ వెళ్ళాం. ఆ బడి ఆవరణలోకి అడుగు పెడితే ఒక్క చప్పుడు లేదు, కానీ ఎంత సందడి! వరండా నిండా పిల్లలు, చేతులతో కబుర్లు, చేతులతో పోట్లాటలు, చేతులతోనే నవ్వులాటలు. మా పిల్ల గుమ్మంలో నిలబడి, గుడ్లప్పగించి చూసింది. అంత మంది తనలాంటి వాళ్ళు ఈ లోకంలో ఉన్నారని ఆ క్షణందాకా దానికి తెలియదు. ఒక పాప వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది, ఇది తుర్రుమని పోయింది. తల్లి దగ్గర సెలవు తీసుకోలేదు. తిరుగు బస్సులో అక్క నూజివీడు రోడ్డు ఎక్కేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, “వెనక్కి తిరిగి కూడా చూడలేదండీ” అని నవ్వింది, నవ్వుతూనే చెంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ తరవాతి వేసవుల్లో కూడా తోటకు పోయి చదివాను, బదిలీ అయ్యేదాకా. అక్క మళ్ళీ ఎన్నడూ మందు సంగతి అడగలేదు, తోకచుక్కల సంగతీ, సముద్రం అడుగున కొత్తగా దొరికిన చేపల సంగతీ అడిగేది. చదువుతూ చదువుతూ కష్టమైన మాట దగ్గర నేను ఆగితే, తోటి ఆడవాళ్ళకు కళ్ళతో సైగ చేసేది, ఇది నిజమేలే అన్నట్టు. ఆ పిల్ల పదో తరగతి పాసైంది, టైపింగు నేర్చుకుంది, తనలాగే వినపడని అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు మైలవరంలో ఒక ప్రింటింగు ప్రెస్సులో కంప్యూటరు మీద శుభలేఖలు కూరుస్తుంది. అక్క కూతురి దగ్గరే ఉండి, మనవల్ని పెంచి, ఆరేళ్ళ కిందట పోయింది.

ఆదివారం నాడు ఆ కబురు నిజమో కాదో తెలుసుకునేదాకా నాకు కాలు నిలవలేదు. ఈ ఫోన్లలో వచ్చేవాటిలో సగం బూటకాలేనాయె. మా కోడలి చేత నాలుగు చోట్ల వెతికించాను, నిజమేనంది, అందరికీ కాదు, ఒక రకానికే, అదీ చిన్నపిల్లలకే అని కూడా చెప్పింది. అప్పుడు ఆ కబురును మైలవరంలో ఉన్న అక్క కూతురికి ఫోన్లో పంపాను. పంపాక భయమేసింది, యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషికి ఈ వార్త పంపడమేమిటి, పుండు మీద కారం చల్లినట్టు కాదూ అని. గంటలో జవాబొచ్చింది. పాపం, ఆ పిల్ల తెలుగు చెవితో విన్నది కాదు, అచ్చులో చూసి నేర్చుకున్నది, పైగా శుభలేఖల్లో నలిగినది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“పూజ్యులైన టీచరుగారికి నమస్కారములు. తాము పంపిన వార్తను చదివితిని. మిక్కిలి సంతోషము కలిగినది. నాకు ఇప్పుడు అవసరము లేదు, నేను కుశలముగా ఉన్నాను. ఇందులో పెద్ద పెద్ద మాటలు ఉన్నవి. కావున ఇది నిజమైన వార్తయే.”

చదివి, నవ్వలేక ఏడవలేక వసారాలో అలాగే కూర్చుండిపోయాను. ఆ పొద్దున తనకు తల దువ్వుతుండగా మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు, ఆ తల్లి ఎప్పుడు, ఏ సైగలతో, ఏ తట్లతో కూతురికి చెప్పిందో! నా అబద్ధాన్ని దాచిపెట్టకుండా చెప్పింది, నా మీద కోపం మిగల్చకుండా చెప్పింది.

ఇప్పుడు సైన్సు కబుర్లకు కొదవ లేదు. తోటల్లో కాయలు ఏరే ఆడవాళ్ళ కొంగుల్లో కూడా ఫోనుంది, వాళ్ళకు నేను గొడుగు వేసుకుని పోయి చదవాల్సిన పని లేదు, మంచిదే. కానీ ఆ రోజుల్లో అబద్ధం మన మాటల్లో ఉండేది, దాన్ని చెప్పేవాళ్ళు ఎదురుగా కూర్చునేవాళ్ళు, అందుకే దొరికిపోయేది. ఇప్పటి అబద్ధాలు పెద్ద పెద్ద మాటలన్నీ నేర్చుకున్నాయి, ఎక్కడా తడబడవు, మొహం ఉండదు. వీటిని అక్క కూడా పట్టుకోగలిగేది కాదేమో. అయినా ఒక్కసారి ఆమె పక్కన కూర్చుని, ఈ నిజమైన వార్తను, మాట మాటకూ ఆగి, తడుముకుంటూ చదివి వినిపించాలని ఉంది.